కరెంటు లేనప్పుడు, స్పార్క్ రానప్పుడు గ్యాస్ స్టవ్‌ని చేత్తో వెలిగించడం: ముందు మంటా, ముందు గ్యాసా?

పిచ్చుకగూడు

అందరికీ నమస్కారం. మాది నాబ్ నొక్కి తిప్పితే దానంతట అదే వెలిగే స్టవ్. కొన్నాళ్లుగా టిక్ టిక్ అని చప్పుడు వస్తోంది గానీ మంట అంటుకోవడం లేదు. రిపేరు చేసే మనిషి దొరికేదాకా అగ్గిపుల్లతోనో లైటర్‌తోనో వెలిగించుకోక తప్పదు. నాకు ఆ అలవాటు అస్సలు లేదు. చెయ్యి దగ్గరికి పెడితే గుప్పుమని మంట లేస్తుందేమోనని ఒకటే టెన్షన్.

ఇంట్లో ఒకరు ముందు గ్యాస్ తిప్పి తర్వాత పుల్ల గీయమంటారు. ఇంకొకరు ముందు పుల్ల గీసుకుని అప్పుడు తిప్పమంటారు. ఏది సరైనదో, ఎందుకో చెప్పండి. కారణం తెలిస్తే నా భయం సగం తగ్గుతుంది.

ఇంకో విషయం. మా స్టవ్‌లో మంట వచ్చాక కూడా నాబ్‌ని కాసేపు నొక్కి పట్టుకోవాలి, వెంటనే వదిలితే ఆరిపోతుంది. పైన నాలుగు బర్నర్లు, కింద గ్యాస్ ఓవెన్ ఉన్నాయి.

---

నీలిమంట

ముందు మంట, తర్వాత గ్యాస్. ఇందులో రెండో మాట లేదండీ.

నేను రోజూ అగ్గిపుల్లతోనే వెలిగిస్తాను కాబట్టి చేసేది చేసినట్టు చెప్తాను. స్టవ్ దగ్గరికి వెళ్లగానే ముందు అన్ని నాబ్‌లూ కట్టేసి ఉన్నాయో లేదో చూస్తాను, గాలి పీల్చి వాసనేమైనా ఉందేమో గమనిస్తాను. ఈ రెండూ అయ్యాకే అగ్గిపెట్టె తీస్తాను. బర్నర్ మీద గిన్నె ఉంటే తీసి పక్కన పెడతాను. గిన్నె ఉంటే దాని అడుగున గ్యాస్ పోగుపడుతుంది, అంటుకున్నప్పుడు మంట పక్కలకి ఎగజిమ్ముతుంది, అంటే సరిగ్గా చెయ్యి ఉన్న వైపుకే.

ఏ నాబ్ ఏ బర్నర్‌దో ముందే చూసుకుంటాను. పుల్ల గీయడానికి రెండు చేతులూ కావాలి కదా. అందుకని ముందు పుల్ల గీసి, మంట నిలకడగా మండుతోందని చూసి, అగ్గిపెట్టెని స్టవ్‌కి దూరంగా పెట్టేసి, అప్పుడు ఖాళీ చెయ్యి నాబ్ మీదికి తెస్తాను. పుల్లని బర్నర్ పక్కన, రంధ్రాల ఎత్తులో పెడతాను. నడిమధ్యన, పై నుంచి ఎప్పుడూ పెట్టను. అక్కడ పెట్టాక నాబ్ తిప్పుతాను. అంటుకోగానే చెయ్యి పక్కకి లాగేస్తాను, మంట మీదుగా కాదు. మొహం వెనక్కి ఉంటుంది.

పుల్లని అడ్డంగా పట్టుకోండి. మండే కొనని కిందికి వాలిస్తే మంట పైకి, అంటే మీ వేళ్ల వైపు పాకుతుంది. చాలామంది కంగారుపడి పుల్ల వదిలేసేది ఇందువల్లే.

---

గాలివాన

నాకు దీనికి వ్యతిరేకంగా అలవాటు. గ్యాస్ కొంచెంగా తిప్పి, వెంటనే పుల్ల గీస్తాను. పుల్ల ముందు గీస్తే నాబ్ తిప్పేలోపు అది వేళ్ల దాకా కాలిపోతుంది. పైగా కొన్ని నాబ్‌లు బిగుసుగా ఉంటాయి, నొక్కాలి, తిప్పాలి. ఆ తంటాలో మండుతున్న పుల్ల చేతిలో ఉండటమే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది. రెండు సెకన్ల గ్యాస్‌కి ఏమవుతుంది?

---

సైన్సుమేడమ్

గాలివాన గారూ, రెండు సెకన్లకి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కానీ మొదటి పుల్ల విరిగితే? రెండోది నెమ్ముకుని గీసుకోకపోతే? చూస్తూ చూస్తూ రెండు సెకన్లు పది, పదిహేను అవుతాయి. లెక్క చూద్దాం.

పెద్ద బర్నర్ సుమారు 3 కిలోవాట్లది అనుకోండి. సిలిండర్ గ్యాస్ అయితే అది సెకనుకి దాదాపు 28 మిల్లీలీటర్ల గ్యాస్ వదులుతుంది. పది సెకన్లకి పావు లీటరు పైనే. చూడ్డానికి తక్కువే. కానీ సిలిండర్ గ్యాస్ గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, మండటానికి సిద్ధమైపోతుంది. అంటే ఆ పావు లీటరు గాలిలో కలిసి పన్నెండు లీటర్లకు పైగా మండే మిశ్రమాన్ని తయారు చేయగలదు. అదంతా బర్నర్ చుట్టూ, మీ చెయ్యి, మీ మొహం ఉండే చోటే ఉంటుంది. గుప్పుమనేది అదే. బర్నర్ నుంచి అప్పుడే వస్తున్న గ్యాస్‌కి ఆ చప్పుడు రాదు, అంతకుముందు వచ్చి, అంటుకోకుండా ఆగిన గ్యాస్‌కే వస్తుంది.

మంటని ముందే అక్కడ ఉంచితే మొదటి బొట్టు గ్యాస్ వచ్చింది వచ్చినట్టే కాలిపోతుంది. పోగయ్యే సమయమే ఉండదు. పిచ్చుకగూడు గారు కారణం అడిగారు కదా, కారణం ఇంతే. నిలకడగా వెలుగుతున్న మంట తన చోటు వదిలిపోదు, దాన్ని చూసి అంత బెదరక్కర్లేదు. అంటుకోకుండా బయటికి వచ్చిన గ్యాస్‌ని చూసి భయపడాలి, అది కంటికి కనబడదు.

పైపు ద్వారా వచ్చే సహజవాయువుకి ఈ కనీస శాతం 5 దగ్గర ఉంటుంది. పైగా అది గాలికన్నా తేలిక, పైకి పోతుంది. సిలిండర్ గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కిందికి జారి, గట్టు కిందా నేల మీదా మూలల్లో నిలుస్తుంది. అందుకే సిలిండర్ వాడేవాళ్లు పైనున్న చిన్న కిటికీ ఒక్కటే తెరిచి గ్యాస్ పోయిందనుకోకూడదు. తలుపు కూడా బార్లా తెరవాలి.

---

గాలివాన

లెక్క అర్థమైంది మేడమ్. కానీ పుల్ల వేళ్ల దాకా కాలే సంగతి తేలలేదు. దానికి మార్గం చెప్పండి.

---

నడిరేయి

మార్గం పొడుగు లైటర్. మెడ పొడుగ్గా ఉండి కొన దగ్గర మంట వచ్చే రకం ఉంటుంది చూడండి, అది. చెయ్యి బర్నర్‌కి జానెడు దూరంలో ఉంటుంది, మంట ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది, నాబ్ ఎంత బిగుసుగా ఉన్నా కంగారు ఉండదు. అది లేకపోతే పొడుగు అగ్గిపుల్లలు.

మంట లేకుండా టక్ టక్ అని నిప్పురవ్వ మాత్రమే వేసే లైటర్‌తో వరస కొంచెం మారుతుంది. దానికి నిలబడే మంట ఉండదు కాబట్టి, లైటర్ కొనని బర్నర్ రంధ్రాల పక్కన ఆనించి, ఒకసారి ఉత్తినే నొక్కి రవ్వ వస్తోందో లేదో చూసుకోవాలి. వస్తేనే నాబ్ తిప్పాలి, తిప్పుతూనే ఆగకుండా నొక్కుతుండాలి. రెండు మూడు సెకన్లలో అంటుకోలేదా, కట్టెయ్యండి. గ్యాస్ తిప్పాక లైటర్ కోసం వెతుక్కోవడం అనేది ఉండనే కూడదు.

వద్దనేవి కొన్ని. కాగితం చుట్టి వెలిగించి తేవద్దు. కాగితం ఒక్కసారిగా కాలిపోతుంది, మండుతున్న ముక్కలు ఎగిరి పడతాయి. జేబు లైటర్ కూడా నాకు నచ్చదు, బొటనవేలు మంటకి మరీ దగ్గరగా ఉంటుంది, పక్కకి వంచితే మంట వేలి మీదికి వస్తుంది. వాడినా స్టవ్ గట్టు మీద వదిలేయొద్దు, లోపల ఉన్నది ఒత్తిడిలో ఉన్న బ్యూటేన్, వేడెక్కితే పగులుతుంది.

---

బర్నర్‌బాబాయ్

స్టవ్‌లు బాగు చేయడమే నా పని. మొదటి పోస్టులో అమ్మాయి చెప్పిన రెండు సంగతులు ఎవరూ ముట్టుకోలేదు. అవి చెప్తాను.

నాబ్‌ని నొక్కి పట్టుకోవాల్సి రావడం రోగం కాదు తల్లీ, అది రక్షణ. బర్నర్ పక్కన చిన్న ఇత్తడి మేకులా ఒకటి నిలబడి ఉంటుంది. దాని పేరు థర్మోకపుల్. మంట తగిలి వేడెక్కితే అది అతి కొద్ది కరెంటు పుట్టిస్తుంది, వోల్టులో వెయ్యో వంతుల లెక్కన. ఆ కాస్త కరెంటుతోనే లోపల ఒక అయస్కాంతం గ్యాస్ దారిని తెరిచి పట్టుకుంటుంది. అది వేడెక్కేదాకా ఆ పని మీ వేలు చేస్తోందన్నమాట. ఎప్పుడైనా గాలికో, పొంగిన నీళ్లకో మంట ఆరిపోతే మేకు చల్లారుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, గ్యాస్ దానంతట అదే ఆగిపోతుంది. దీనికి ఇంట్లో కరెంటుతో పనిలేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది.

కాబట్టి మంట అంటుకున్నాక నాబ్‌ని ఐదు నుంచి పది సెకన్లు నొక్కి ఉంచి, మెల్లిగా వదలండి. ఆరిపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ. పదిహేను సెకన్లు పట్టినా నిలవకపోతే ఆ మేకు మీద మసి పట్టి ఉండొచ్చు, లేదా పాడై ఉండొచ్చు. నాబ్ వెనక పుల్ల దోపి, టేపు వేసి నొక్కి ఉంచేవాళ్లని చూశాను. అంత ప్రమాదం ఇంకోటి లేదు. ఆరిపోయిన మంట కింద గ్యాస్ పోతూనే ఉంటుంది, ఆపే దిక్కు ఉండదు.

రెండోది, టిక్ టిక్ అని వస్తోంది గానీ అంటుకోవట్లేదు అన్నారు. అంటే స్పార్క్ పెట్టె బతికే ఉంది. నూటికి ఎక్కువసార్లు తడి, జిడ్డు, లేదా బర్నర్ మూత పక్కకి జరగడం. మూత సరిగ్గా కూర్చోకపోతే స్పార్క్ కొసకీ మూతకీ మధ్య దూరం మారిపోతుంది, రవ్వ పక్కకి పోతుంది. మూత సరిగ్గా కూర్చోకుండా ఉన్న బర్నర్‌ని చేత్తో కూడా వెలిగించకండి. గ్యాస్ రంధ్రాల్లోంచి కాక అడుగు సందుల్లోంచి వస్తుంది, మంట ఎటు లేస్తుందో చెప్పలేం.

చల్లారాక మూత తీసి, కడిగి, రంధ్రాల్లో మట్టి ఉంటే సన్నటి సూదితో తీసి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. చెక్క పుల్లతో పొడవొద్దు, విరిగి రంధ్రంలో ఉండిపోతుంది. తెల్ల పింగాణీ గొట్టంలో స్పార్క్ వచ్చే కొస ఉంటుంది, దాన్ని పొడి గుడ్డతో తుడవండి. పింగాణీ మీద జుట్టంత పగులున్నా స్పార్క్ అటే పోతుంది, అప్పుడు మార్చాల్సిందే. బ్యాటరీతో నడిచే స్టవ్ అయితే ముందు బ్యాటరీ మార్చి చూడండి. అది నీరసించినప్పుడు చప్పుడు నెమ్మదిగా వస్తుంది.

ఓవెన్ సంగతి వేరే చెప్తాను. అప్పటిదాకా దాని జోలికి పోకండి.

---

పిచ్చుకగూడు

అందరికీ చాలా థాంక్స్. ముఖ్యంగా బాబాయ్ గారికి. పొడుగు లైటర్ తెప్పించుకున్నాను. ఇంకా వెలిగించలేదు, రెండు అనుమానాలు ఉన్నాయి.

ఒకటి, నాబ్‌ని సిమ్‌లో పెట్టి వెలిగించాలా, ఫుల్‌లో పెట్టా? రెండు, అంటుకోకపోతే కట్టేసి ఎంతసేపు ఆగాలి?

---

గాలివాన

సిమ్‌లో అనే నేను అనుకుంటున్నాను, గ్యాస్ తక్కువ వస్తుంది కదా. బాబాయ్ గారు ఏమంటారో చూద్దాం.

---

బర్నర్‌బాబాయ్

మీ ఆలోచనలో న్యాయం ఉంది తమ్ముడూ, కానీ సిమ్‌లో ఒక ఇబ్బంది. గ్యాస్ మరీ తక్కువైతే మంట ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి పాకదు. ఒక వైపు మండుతూ ఇంకో వైపు పచ్చి గ్యాస్ వస్తుంటుంది. ఇంకా, చాలా స్టవ్‌లలో నాబ్ తిప్పగానే ముందు వచ్చేది ఫుల్లే, సిమ్ ఇంకా ముందుకు తిప్పితే వస్తుంది. సిమ్‌కి వెళ్లాలంటే ఫుల్ దాటే వెళ్లాలి. కాబట్టి పెద్ద మంట గుర్తు దగ్గర పెట్టి వెలిగించండి, చుట్టూతా అంటుకుందని చూసి, అప్పుడు తగ్గించండి. లైటర్ మంట ముందే అక్కడ ఉంది కాబట్టి ఫుల్ అయినా గుప్పుమనదు.

మీ నాబ్ మీద వెలిగించే చోటు వేరుగా గుర్తు పెట్టి ఉంటే దాన్నే నమ్మండి. స్టవ్‌తో వచ్చిన పుస్తకం నా మాటకన్నా పెద్దది.

ఇక ఆగడం. తిప్పగానే ఒకటి రెండు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి కనీసం ఒక నిమిషం. నాలుగైదు సెకన్లు దాటి గ్యాస్ పోయి ఉంటే, లేదా వాసన బాగా తెలుస్తుంటే, ముందు చేతిలో మంట ఆర్పి, తలుపులు తెరిచి, ఐదు నిమిషాలు ఆగి, వాసన పూర్తిగా పోయాకే మళ్లీ. వరసగా మూడుసార్లు అంటుకోలేదంటే ఇక ప్రయత్నించకండి. గ్యాస్ రావట్లేదేమో, రంధ్రాలు మూసుకుపోయాయేమో, మూత తేడాగా ఉందేమో ముందు చూడండి.

కొత్త సిలిండర్ బిగించిన వెంటనే మాత్రం ట్యూబులో గాలి ఉంటుంది, మొదటి కొన్ని సెకన్లు ఉత్త గాలే వస్తుంది. మంట అంటుకోలేదని హడలిపోవద్దు. అప్పుడూ పద్ధతి అదే, మంట ముందు ఉంచి తిప్పడం, అంటుకోకపోతే కట్టి ఆగడం.

---

వెలుగుదారి

నాకు చూపు చాలా తక్కువ. వెలుతురు, నీడ తెలుస్తాయి గానీ నీలం మంట పగలు కనబడదు. నాలాంటివాళ్లు ఈ చర్చ చదివితే పనికొస్తుందని రాస్తున్నాను.

నేను మంట వచ్చే లైటర్ వాడను, టక్ మని రవ్వ వేసే పొడుగు లైటరే వాడతాను. అగ్గిపుల్ల ఎక్కడిదాకా కాలిందో నాకు తెలియదు కాబట్టి. స్టవ్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు లైటర్ కొనతో బర్నర్ అంచు తాకి, రంధ్రాల పక్కన ఆనిస్తాను. నాబ్‌ల మీద పెద్ద మంట, చిన్న మంట ఉండే చోట్ల ఉబ్బెత్తు చుక్కలు అంటించుకున్నాను. ఎంత తిరిగిందో వేలికి తెలుస్తుంది.

తర్వాత అంతా చెవి పని. నాబ్ తిప్పగానే స్‌స్ అని సన్నటి చప్పుడు, అది గ్యాస్. అంటుకోగానే ఆ చప్పుడు మారి మెత్తగా, బొంగురుగా అవుతుంది. మారకపోతే అంటుకోలేదన్నమాట, వెంటనే కట్టేస్తాను. ఆ సమయంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్, కుళాయి, రేడియో ఏవీ మోగనివ్వను, ఎవరినీ మాట్లాడనివ్వను. అంటుకుందని నిర్ధారించుకోవడానికి అరచేతిని బర్నర్ మీదికి తేను. ఆ బర్నర్‌కి పక్కగా, గట్టు అంచు దగ్గర చెయ్యి ఉంచితే వేడి తెలుస్తుంది, అది చాలు.

మంట ఆరితే గ్యాస్ ఆపేసే రకం స్టవ్ గురించి బాబాయ్ గారు చెప్పారు కదా. చూపు తగ్గినవాళ్లకీ, మతిమరుపు మొదలైనవాళ్లకీ కొత్తది కొనేటప్పుడు అది తప్ప ఇంకేదీ తీసుకోవద్దని నా మనవి.

---

సైన్సుమేడమ్

వెలుగుదారి గారు రాసిన చెవి సంగతి చూపున్నవాళ్లం కూడా పట్టించుకోవాలి. ఎండ నేరుగా పడే వంటింట్లో నీలం మంట మాకూ కనబడదు.

---

చేతికర్ర

నా వయసు డెబ్బై దాటింది, చేతులు వణుకుతాయి. అగ్గిపుల్ల నాకు కుదరదు. వేరేవాళ్లు పుల్ల పట్టుకుంటే నేను నాబ్ తిప్పవచ్చా?

ఇంకోటి, వెలిగించిన ప్రతిసారీ కాస్త వాసన వస్తుంది. అది లీకేనా?

---

నీలిమంట

పెద్దాయనా, ఇద్దరు కలిసి వద్దండీ. మంట పెట్టేవారు ఇంకా సిద్ధం కాకముందే నాబ్ తిప్పేస్తే, లేదా తిప్పారో లేదో తెలియక వాళ్లు వంగి చూస్తే? మంటా నాబూ ఒకే మనిషి చేతుల్లో ఉండాలి. ఇంట్లో ఇంకొకరు ఉంటే మొత్తం వాళ్లనే వెలిగించమనండి. ఒంటరిగా ఉన్నప్పుడైతే పొడుగు లైటర్ కొనని బర్నర్ పక్కన గిన్నె నిలిపే ఇనుప చట్రానికి ఆనించండి, వణుకు కొనకి అందదు. చట్రం చల్లగా ఉన్నప్పుడే సుమా.

వాసన గురించి మేడమ్ చెప్తే బాగుంటుంది.

---

సైన్సుమేడమ్

వెలిగించిన క్షణంలో ఒక్క ముక్కుపట్టు వాసన రావడం మామూలే, కాలకుండా తప్పించుకున్న కొద్ది గ్యాస్ అది. కాసేపట్లో పోవాలి. మంట వెలిగాక కూడా వస్తున్నా, నాబ్‌లు కట్టేసి ఉన్నప్పుడు వచ్చినా అది లీకే అనుకోండి.

గ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకయితే తెలియడానికని సల్ఫర్ ఉన్న మెర్కాప్టన్ లాంటి పదార్థాన్ని అతి కొద్దిగా కలుపుతారు. కుళ్లిన కోడిగుడ్డు, కుళ్లిన క్యాబేజీ లాంటి ఆ కంపు దానిది. అయితే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఆ గదిలోనే ఉంటే కొన్ని నిమిషాల్లో వాసన తగ్గినట్టు అనిపిస్తుంది, గ్యాస్ తగ్గినట్టు కాదు. బయటికి వెళ్లి మంచి గాలి పీల్చి, గుమ్మం దగ్గరికి వచ్చి చూడండి. జలుబు చేసినప్పుడూ, వయసుతో వాసన తగ్గినప్పుడూ ముక్కుని నమ్ముకోకూడదు. గ్యాస్ అలారం మంచిది. సిలిండర్ గ్యాస్‌కయితే దాన్ని నేలకి దగ్గరగా, పైపు గ్యాస్‌కయితే పైకప్పుకి దగ్గరగా పెట్టాలి.

లీకు అనుమానం వస్తే స్టవ్ వెలిగించే ఆలోచనే వదిలేయండి. లైటు స్విచ్ వేయవద్దు, వెలుగుతున్నది ఆర్పవద్దు కూడా. వేసినా ఆర్పినా స్విచ్ లోపల చిన్న రవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గ్యాస్ తరుముదాం అనుకోవడం మంచి ఉద్దేశమే గానీ అదీ స్విచ్చే. రెగ్యులేటరో, పైపు వాల్వో అందుబాటులో ఉంటే కట్టేసి, తలుపులు తెరుస్తూ అందరినీ తీసుకుని బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ ఇచ్చేవాళ్ల అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. లీకు ఎక్కడుందో అగ్గిపుల్లతో వెతకడం ప్రాణాంతకం. సబ్బు నురగ రాస్తే బుడగలు చెప్తాయి.

---

నడిరేయి

బట్టల గురించి ఎవరూ అనలేదు. వేలాడే పైట, చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు ముందు సర్దుకోవాలి. వెనక బర్నర్ వెలిగించేటప్పుడు ముందు బర్నర్ మండుతుంటే చెయ్యి దాని మీదుగా చాపాలి. అందుకని రెండూ కావాలంటే ముందు వెనకది వెలిగించండి. ఇంత చిన్న విషయం చాలామందికి తట్టదు.

చేతులకి శానిటైజర్ రాసుకుని వెంటనే అగ్గిపుల్ల గీయొద్దు. అందులో ఆల్కహాల్ ఉంటుంది, తడి ఆరేదాకా అంటుకుంటుంది, ఆ మంట సరిగ్గా కనబడదు కూడా. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని రావడం మేలు.

పొరపాటున కాలితే చల్లటి కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు. ఉంగరాలు, గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయండి. ఐసు, టూత్‌పేస్టు, నూనె, వెన్న ఏదీ రాయొద్దు. బొబ్బ పెద్దదైనా, మొహానికో చేతికీళ్లకో తగిలినా డాక్టరు దగ్గరికి. బట్టకి అంటుకుంటే పరిగెత్తకండి, గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లండి.

---

బర్నర్‌బాబాయ్

ఇప్పుడు ఓవెన్. పై బర్నర్ అంటే బయట గాలిలో ఉంటుంది, గ్యాస్ పోయినా చెదిరిపోతుంది. ఓవెన్ పెట్టె లాంటిది, తలుపు మూస్తే గ్యాస్ లోపలే పోగవుతుంది. మేడమ్ లెక్కనే తీసుకుంటే, అరవై లీటర్ల ఓవెన్ మొత్తం మండే స్థితికి రావడానికి వెలగని గ్యాస్ ఒక్క నిమిషం పోతే చాలు. అందుకే పై బర్నర్‌కి చెప్పినవి దీనికి వర్తించవు.

కొన్ని ఓవెన్లలో కరెంటుతో ఎర్రగా కాలే కడ్డీ ఉంటుంది. అది కాలితేనే గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. కరెంటు లేకపోతే గ్యాసే రాదు, కాబట్టి అగ్గిపుల్లతో వెలిగించడం కుదరదు, ప్రయత్నించకూడదు. కొన్నింట్లో పై స్టవ్ లాంటి స్పార్కే ఉంటుంది, కొన్నింట్లో చేత్తో వెలిగించడానికే ఓవెన్ అడుగున ఒక రంధ్రం వదులుతారు. మీ స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో ఓవెన్‌ని చేత్తో వెలిగించవచ్చని రాసి ఉంటేనే ముట్టుకోండి. రాసి లేకపోతే రిపేరు అయ్యేదాకా ఓవెన్ వాడొద్దు.

రాసి ఉన్నా సరే, తలుపు ముందే తెరిచి కొన్ని నిమిషాలు గాలి ఆడనిచ్చి, వంగి వాసన చూసి, తలుపుకి ఎదురుగా కాక పక్కన నిలబడి, పొడుగు లైటర్ మంట ఆ రంధ్రం దగ్గర పెట్టి, అప్పుడే నాబ్ తిప్పాలి. అంటుకుని, మంట నిలకడగా నిలిచేదాకా తలుపు మూయకూడదు. అంటుకోకపోతే ఐదు నిమిషాలు తలుపు తెరిచే ఉంచాలి. లోపలికి తల పెట్టి చూడటం ఎప్పుడూ వద్దు.

---

పిచ్చుకగూడు

వెలిగించాను. ముందు కిటికీ, తలుపు తెరిచి, మూత సరిచేసి, లైటర్ మంట పక్కన పెట్టి తిప్పాను. మెల్లగా చుట్టూ అంటుకుంది, నేను ఊహించిన చప్పుడేమీ లేదు. నాబ్ కాసేపు నొక్కి ఉంచి వదిలితే నిలిచింది. ఓవెన్ గురించి పుస్తకం తిరగేశాను, చేత్తో వెలిగించమని ఎక్కడా లేదు, కాబట్టి దాన్ని వాడట్లేదు.

ఒక బర్నర్ మంట మాత్రం కొనల దగ్గర పసుపు రంగులో ఉంది. అది చేత్తో వెలిగించినందువల్లా? ఇంకా, బర్నర్లు కడిగి పెట్టాక టిక్ టిక్ చప్పుడు నేను నాబ్ ముట్టుకోకపోయినా ఆగట్లేదు.

---

సైన్సుమేడమ్

ఎలా వెలిగించారన్నదానికీ మంట రంగుకీ సంబంధం లేదమ్మా. పసుపు మంట అంటే గ్యాస్‌తో కలిసే గాలి చాలట్లేదు. గిన్నెల అడుగు మసి పడుతుంది. అంతకన్నా ముఖ్యం, సరిగ్గా కాలని గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. తడి వల్ల అయితే కాసేపట్లో నీలంగా మారుతుంది. మారకపోతే ఆ బర్నర్ ఆపేసి బాబాయ్ లాంటివాళ్లకి చూపించండి, వంట చేసినంతసేపూ కిటికీ తెరిచి ఉంచండి.

---

బర్నర్‌బాబాయ్

చప్పుడు ఆగకపోవడం తడి వల్లే. నాబ్ కింద చిన్న స్విచ్ ఉంటుంది, కడిగిన నీళ్లు అందులోకి దిగితే అది నొక్కినట్టే ఉండిపోతుంది. నాలుగు బర్నర్ల దగ్గరా స్పార్క్ కొడుతూనే ఉంటుంది, ఆ స్థితిలో చేత్తో వెలిగించొద్దు. ప్లగ్గు ఉంటే పీకేసి, బ్యాటరీది అయితే బ్యాటరీ తీసేసి, ఒక రాత్రి ఆరనివ్వండి. మంట ఆరితే గ్యాస్ ఆపే మేకుకి కరెంటు అక్కర్లేదని చెప్పాను కదా, కాబట్టి ప్లగ్గు పీకినా ఆ రక్షణ ఎక్కడికీ పోదు, పై బర్నర్లు లైటర్‌తో వెలిగించుకోవచ్చు. పీకే ముందు చేతులు పొడిగా ఉన్నాయా, గదిలో గ్యాస్ వాసన ఏమైనా ఉందా చూసుకోండి. పసుపు మంట వచ్చే బర్నర్ మూత తీసి, కింద గాలి పీల్చుకునే సందులో జిడ్డు చేరిందేమో చూసి, ఫొటో ఇక్కడ పెట్టండి.